విత్తనపు గింజలు – పడవ బ్యాటరీ

గోదావరి జిల్లాల వారికి పడవ గురించి చెప్పబోవటం హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయటమే! అయినా సాహసిస్తున్నాను. నేను చెప్పబోయేది నిజానికి పడవ గురించి కాదు. దాని అడుగున, నూనెగుడ్డల మధ్య, ఎవరి కంటా పడకుండా కూర్చునే ఒక నల్లటి పెట్టె గురించి. అదే బ్యాటరీ.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టు వరద గురించి మా తాతలు చెప్పగా వినటమే గాని, మా ఈడు వాళ్లు కళ్లారా చూసిన పెద్ద నీరు మాత్రం ఇదే. లంక ఊళ్లకు పాలు రావాలన్నా, మందులు రావాలన్నా, నిండు చూలాలిని ఆసుపత్రికి చేర్చాలన్నా మోటారు పడవే దిక్కు. ఒక రాత్రి మేం పదిమందిమి మందులతో తిరిగి వస్తుండగా, ఏటి నడుమ పంకాకు గుర్రపుడెక్క చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. సరంగు బాబాయి వంగి, తీగలన్నీ కోసి, సెల్ఫు కొట్టాడు. ‘టిక్’ అంది. అంతే. హ్యాండిలుతో తిప్పే ఇంజను కాదది. దీపాలు మాత్రం ఎర్రగా మిణుకుమంటున్నాయి. ప్రవాహం మమ్మల్ని ఈడ్చుకుపోయి, మా అదృష్టం బాగుండి ఒక కొబ్బరితోటలోకి నెట్టింది. చెట్టుకు తాడువేసి, తెల్లవార్లూ కూర్చున్నాం.

“దీపం వెలుగుతోంది గదా బాబాయ్, సెల్ఫెందుకు తిరగదు?” అన్నాను.

“బ్యాటరీ చిన్నదిరా అబ్బాయ్. పెద్దది కొనాలి” అన్నాడు.

కొన్నాడు కూడా. 80 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తీసేసి 150ది పెట్టాడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే ‘టిక్’! డబ్బు పోయింది, శని వదల్లేదు. ఎందుకిలా జరిగిందో తెలుసుకోవాలంటే ముందు ఆ పెట్టెలోకి తొంగిచూడాలి.

పెట్టెలో ఏముంది?

1859లో గాస్టన్ ప్లాంటె అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సీసపు బ్యాటరీయే, చిన్న చిన్న మార్పులతో నేటికీ మన ట్రాక్టర్లలోనూ పడవల్లోనూ పనిచేస్తోంది. అందులో ఆరు అరలు. ఒక్కో అర సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ప్రతి అరలో సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. కరెంటు వాడుకుంటున్నకొద్దీ పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పల్చనవుతుంది. తిరిగి ఛార్జి ఎక్కిస్తే ఈ మార్పు వెనక్కి తిరుగుతుంది. విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉందన్నమాట, 12.2 చూపితే సగం. 12కి దిగువన ఉంటే దాదాపు వట్టిదే.

ఇక దీపం వెలగగా సెల్ఫు తిరగకపోవటమేమిటి? దీపాలకు కావలసింది తొమ్మిది పది ఆంపియర్లు. సెల్ఫు మోటారుకో, ఆ రెండు మూడు సెకన్లలోనే 200 ఆంపియర్లు కావాలి. వట్టిపోయిన బ్యాటరీకి లోపలి నిరోధం పెరుగుతుంది. తక్కువ కరెంటు తీసినంతసేపూ ఆ లోపం బయటపడదు. ఒక్కసారిగా 200 ఆంపియర్లు అడిగితే వోల్టేజి అంతా లోపలే హరించుకుపోతుంది. ముసలి ఎద్దు దొడ్లో నిలబడ్డంతసేపూ బాగానే ఉంటుంది. కాడి మెడకెత్తితే కదా తెలిసేది!

జమా ఖర్చు

బాబాయి పడవకు నేను కట్టిన లెక్క ఇది. 55 వాట్ల హేలోజన్ దీపాలు రెండు. 110ని 12తో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. రాత్రి నాలుగు గంటలు వెలిగితే 36 ఆంపియర్-అవర్లు. హారను, సెల్‌ఫోన్ల ఛార్జింగు కలిపి ఇంకో నాలుగు. వెరసి రోజు ఖర్చు 40.

మరి రాబడి? ఇంజను రోజంతా కలిపి నాలుగు గంటలు తిరుగుతుంది. బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి చూస్తే చేరుతున్నది 6 ఆంపియర్లే. అంటే 24. ఛార్జి ఎక్కించేటప్పుడు కొంత వేడిగా, వాయువుగా వృథా పోతుంది కనుక నికరంగా 20 అనుకుందాం. ఖర్చు 40, జమ 20. రోజుకు 20 లోటు! 80 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. 150ది వారం రోజుల్లో ఖాళీ. గాదె పెద్దది కట్టినంత మాత్రాన పంట పెరుగుతుందా? పైగా ఎప్పుడూ అరకొరగా ఉన్న బ్యాటరీలో సీసపు సల్ఫేటు గట్టి పలుకులు కట్టి, తరువాత ఎంత ఛార్జి ఎక్కించినా కరగదు. కొత్త బ్యాటరీ ఏడాది తిరక్కుండానే చచ్చేది ఇందువల్లనే.

బాగుచేసే వరుస

మొదటి పని – ఖర్చు తగ్గించటం. 55 వాట్ల హేలోజన్ ఇచ్చే వెలుగును ఇంచుమించు 12 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఇస్తుంది. అలాంటివి రెండు పెడితే 2 ఆంపియర్లు. నాలుగు గంటలకు 8. హారను వగైరా నాలుగు కలిపి 12. జమ 20 అలాగే ఉంది కనుక ఒక్క దెబ్బతో లోటు పోయి మిగులు వచ్చింది! కొత్త బ్యాటరీ ధరలో ఇది ఎన్నో వంతో చెప్పనక్కరలేదు.

రెండవ పని – కాలువ బాగుచేయటం. డెల్టా రైతుబిడ్డలకు శివారు చేల గోడు తెలియనిది కాదు. తూము దగ్గర నీరు నిండుగానే వదిలినా, పిల్లకాలువ సన్నగా ఉంటే చివరి చేనుకు అందదు. తీగ సంగతీ అంతే. ఇంజను దగ్గరి ఆల్టర్నేటరు 14.2 వోల్టులు ఇస్తోంది. బ్యాటరీ ఐదు మీటర్ల దూరాన ఉంటే, పోనూ రానూ పది మీటర్ల తీగ. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగయితే, 10 ఆంపియర్ల దగ్గర దాదాపు ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. 13.5 వోల్టులతో సీసపు బ్యాటరీ సరిగా నిండదు. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం అయిదో వంతు వోల్టుకు దిగుతుంది. బెల్టు జారకుండా బిగించటం, పుల్లీ కొలత సరిచూడటం కూడా ఇందులో భాగమే. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు పుల్లీ సరిపోకపోతే ఆల్టర్నేటరు వేగం అందుకోక కునుకుతుంది.

మూడవ పని – విత్తనాలు వేరుచేయటం. ఎంత కరువొచ్చినా రైతు విత్తనపు గింజలు వండుకు తినడు. వచ్చే పంట ఆ గింజల్లో ఉంది. సెల్ఫుకు కావలసిన కరెంటు పడవకు విత్తనపు గింజ. 200 ఆంపియర్లు మూడు సెకన్లు తీసుకుంటే అయ్యే ఖర్చు ఒక ఆంపియర్-అవరులో ఆరో వంతు మాత్రమే! అంత కొంచెం కూడా మిగల్చకుండా దీపాలకు తగలేయటమే ఆ రాత్రి మేం చేసిన తప్పు. కనుక సెల్ఫుకు ఒకటి, దీపాలకు ఒకటి – రెండు బ్యాటరీలుండాలి. ఇంజను తిరిగి వోల్టేజి పెరిగినప్పుడు రెంటినీ కలిపి, ఆగినప్పుడు తనంతట తానే విడదీసే రిలేలు దొరుకుతున్నాయి. బాబాయి పాత 80 సెల్ఫుకు, కొత్త 150 దీపాలకు వెళ్లాయి. కొన్నదేదీ వృథా కాలేదు.

నాలుగవది – సూర్యుడి సాయం. పడవ కప్పు మీద 100 వాట్ల సౌరఫలకం, దానికొక కంట్రోలరు పెడితే, ఎండకాలంలో రోజుకు పాతిక ఆంపియర్-అవర్ల దాకా రావచ్చు. అయితే పడవ అవసరం ఎక్కువయ్యేది శ్రావణ భాద్రపదాల్లో, మబ్బు పట్టినప్పుడు. అప్పటి రాబడిని మూడో వంతుగానే లెక్కవేసుకోవటం మంచిది.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీల మాట కూడా చెప్పాలి. అవి తేలిక, ఉన్నదానిలో ఎనభై శాతం వాడుకున్నా చెడవు. కాని ఆకలి ఎక్కువ. ఆల్టర్నేటరుకు సూటిగా తగిలిస్తే ఇవ్వగలిగినంతా లాగి దాన్ని మాడ్చేస్తాయి. నడుమ తగిన ఛార్జరు లేకుండా వాటి జోలికి పోరాదు.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

ఛార్జి ఎక్కేటప్పుడు సీసపు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు భగ్గుమంటుంది. అందుచేత బ్యాటరీ పెట్టెకు పైన గాలి పోయే దారి ఉండాలి. దాని పక్కన బీడీ ముట్టించరాదు. ధన ధ్రువానికి దగ్గరలోనే ఫ్యూజు వేయాలి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ ఊడదీస్తే ఆల్టర్నేటరులోని డయోడ్లు కాలిపోతాయి. నరసాపురం, అంతర్వేది వైపు ఆటుపోట్లకు ఉప్పునీరు ఎక్కుతుంది గనుక టెర్మినళ్లకు వాజలైను రాసి ఉంచాలి. ఆ ఉప్పునీరు బ్యాటరీ ఆమ్లంలో కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుందని మరువరాదు.

మిత్రులారా! ఓమ్ సూత్రం ఇంటరులో చదివాం, డిగ్రీలో మళ్లీ చదివాం, పరీక్షల్లో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. అది నా పడవలో కూడా ఉందని నాకు తెలిసింది మాత్రం చీకట్లో కొబ్బరిచెట్టుకు కట్టుకున్న రాత్రే. కోటిపల్లి రేవులోనో, మీ ఊరి రేవులోనో ఈసారి పడవ ఎక్కినప్పుడు, ఒక చిన్న వోల్టుమీటరు చేతపట్టుకుని సరంగును పలకరించండి. “ఎన్ని దీపాలు? ఎన్ని గంటలు? ఎంత జమ?” అని అడగండి. కాగితం మీద నాలుగు అంకెలు వేసి చూపండి.

గోదావరమ్మ ఏటేటా పొంగుతూనే ఉంటుంది. ఆ రోజున సరంగు సెల్ఫు కొడితే ఇంజను పలకాలి. విత్తనపు గింజలు దాచుకున్నవాడికే మరుసటి పంట!