గుమ్మం ముందు మందారం, కంచె అవతల బొప్పాయి



ఈ పూట చెప్పబోయేది పెద్ద పంట సంగతి కాదు, గుమ్మం ముందు మందారం సంగతి. “పూలమొక్కకు పురుగు పడితే దానికో ప్రసంగమా?” అని నవ్వకండి. మా కామవరపుకోట మెట్టలో చాలా ఇళ్ళకు కంచె దాటితే తోటే. పూలమొక్క మీద చేరిన పురుగు తోటలోకి రావడం ఎంతసేపు?

మందార మొగ్గల దగ్గర, లేత ఆకుల అడుగున దూది అంటించినట్టు తెల్లగా కనిపించేదే పిండినల్లి. దానిని కొందరు బూజు అనుకుంటారు. బూజు కాదు, అది ప్రాణమున్న పురుగు. అది రసం పీల్చగా ఆకులు ముడుచుకుంటాయి, చిగుళ్ళు గిడసబారతాయి, మొగ్గలు రాలతాయి. అది విసర్జించే తీపి జిగురు మీద నల్లని మసి పడుతుంది. ఆ తీపి కోసం చీమలు బారులు కట్టి, పిండినల్లికి కాపలా కూడా కాస్తాయి.

పిండినల్లులలో చాలా రకాలున్నవి. వాటిలో బొప్పాయి పిండినల్లి మన దేశపుది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. మన దేశంలో 2008లో కోయంబత్తూరు దగ్గర మొదట కనిపించింది. తమిళనాట బొప్పాయిని, మల్బరీని, కర్రపెండలాన్ని బాగా దెబ్బతీసింది. పేరుకు బొప్పాయిదే గాని మందారం, దేవగన్నేరు, జామ, వంగ, చివరకు గట్ల మీది వయ్యారిభామ కూడా దానికి విందే.

ఆడ పురుగుకు రెక్కలు లేవు. మరి ఇంత దూరం ఎలా వచ్చింది? ఒక్కొక్క ఆడపురుగు వంద మొదలు ఆరువందల వరకు గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు గాలికి కొట్టుకుపోతాయి, బట్టలకు అంటుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, మనం ముచ్చటపడి తెచ్చుకునే కుండీమొక్కతోనూ, కొమ్మతోనూ కూడా వస్తాయి. పురుగును మోసేది మనమే!

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు ఇంట మందారానికి ఈ పురుగు పట్టింది. ఘాటైన మందు కొట్టమన్నాను. వారంపాటు శుభ్రంగా ఉన్నది. నెల తిరిగేసరికి రెట్టింపై, కంచె అవతలి బొప్పాయి కాయల మీద తెల్లగా పేరుకున్నది. “మీరు చెప్పిన మందే కదా బాబూ కొట్టాం, ఇదేమిటి?” అని ఆ ఇంటి పెద్దావిడ అడిగితే నాకు నోట మాట రాలేదు.

జరిగిందేమిటంటే, ఒంటి మీది మైనపు పొడి వల్ల మందు చాలా పురుగులకు తగలనే లేదు. గుడ్ల సంచులు మిగిలిపోయాయి. చచ్చినవి ఎక్కువగా మన నేస్తాలే.

ఎవరా నేస్తాలు? 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థవారు ప్యూర్టోరికో దీవి నుంచి మూడు రకాల బుల్లి కందిరీగలను తెప్పించి, పెంచి, తోటలలో విడిచారు. వాటిలో అసిరోఫేగస్ అనేది బాగా నిలదొక్కుకున్నది. అది పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. లోపల పిల్ల పెరిగి నల్లిని తినేస్తుంది. ఉబ్బి, గట్టిపడి, గుండ్రని రంధ్రం పడ్డ నల్లులు కనిపిస్తే మన సైన్యం వచ్చినట్టే. అప్పుడు మందు జోలికి పోవద్దు.

రెండవ నేస్తం 1898లో మన దేశానికి తెచ్చిన ఆస్ట్రేలియా అక్షింతల పురుగు. దీని పిల్లపురుగు కూడా తెల్లని మైనం పోగులతో పిండినల్లిలాగే ఉంటుంది. కాకపోతే పెద్దది, చురుకుగా నడుస్తుంది. తెలియక దాన్ని నలిపేయకండి.

ఇక చేయవలసిన పనులు:

కొత్త మొక్క ఎక్కడినుంచి తెచ్చినా, ఆకుల అడుగు, కణుపులు తిప్పి చూడండి. రెండు మూడు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి.

పురుగు పట్టిన కొమ్మలను కత్తిరించి సంచిలో కట్టి కాల్చండి. గట్టు మీదా, కాలువలోనూ పడేయవద్దు.

మిగిలిన మొక్కను నీటిధారతో గట్టిగా కడగండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి, ముందు ఒక కొమ్మ మీద చల్లి చూసి, ఆకు మాడకపోతే సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేటట్టు కొట్టండి. వారానికి మళ్ళీ చూడండి.

చీమల పుట్టను వదలవద్దు, వయ్యారిభామను పూతకు ముందే పీకేయండి.

ఎండాకాలంలో ఇది ఎక్కువ, గట్టి వానలకు తగ్గుతుంది. కాబట్టి మాఘ ఫాల్గుణాల నుంచే వారానికొకసారి చూస్తుండండి. తోటలోకి పాకితే ఒక ఆకు సంచిలో మూసి కట్టి, ఉద్యానశాఖ వారికి గాని, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారికి గాని చూపించి, ఆ తరువాతే మందు సంగతి ఆలోచించండి.

రేపు పూజకు పువ్వు కోసేటప్పుడు ఆకును ఒకసారి తిప్పి చూడండి. ఆ ఒక్క చూపు తోటను కాపాడుతుంది. సెలవు.