వేగము - పొదుపు

జలాంతర్గామిని నడిపే ఆటలు కంప్యూటరులో ఉన్నాయి. ఆడేవాడే నావకు కెప్టెన్. రేవు నుండి బయలుదేరి, శత్రునౌకలు తిరిగే చోటికి పోయి, పని ముగించుకొని క్షేమంగా తిరిగి రావాలి. కొత్తగా ఆడే బాలుడు తరచుగా నావను పూర్తి వేగంతో ఉరికిస్తాడు. నావ నీటిని చీల్చుకొని దూసుకుపోతుంటే అతనికి ఎంతో సంతోషం. కాని తిరుగు ప్రయాణంలో, నడిసముద్రంలో డీజిల్ అయిపోతుంది. నావ ఆగిపోతుంది. శత్రువు ఒక్క గుండు పేల్చకుండానే అతడు ఓడిపోతాడు. దీనికి కారణమేమిటి?

చెన్నై మెరీనా తీరంలో మోకాలి లోతు నీళ్ళలో నడిచినవారికి ఈ కారణం కొంత తెలిసే ఉంటుంది. మెల్లగా నడిస్తే నీరు సులభంగా దారి ఇస్తుంది. పరుగెత్తబోతే అదే నీరు కాళ్ళను పట్టి లాగినట్లుంటుంది. నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. నావ సంగతీ ఇంతే. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. అంతటి నిరోధాన్ని రెట్టింపు వేగంతో తోసుకొనిపోవాలి కనుక యంత్రం చూపవలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లవుతుంది. ప్రయాణకాలం సగానికి తగ్గుతుందన్న మాట నిజమే. ఎనిమిదిలో సగం నాలుగు. అంటే అదే దూరానికి సుమారు నాలుగింతల ఇంధనం ఖర్చవుతుందన్నమాట.

అలాగని నత్తనడక నడిచినా పొదుపు కాదు. నావ కదిలినా కదలకపోయినా దీపాలు వెలగాలి, వంట జరగాలి, పంపులు తిరగాలి. ప్రయాణం ఎన్ని రోజులు సాగితే ఈ ఖర్చు అంత పెరుగుతుంది. కనుక అతివేగానికీ, అతినిదానానికీ నడుమ ప్రతి నావకూ ఒక పొదుపు వేగం ఉంటుంది. ఆటలో నేర్పు గలవాడు ముందుగా దానిని కనుగొంటాడు. పూర్తి వేగాన్ని ఆపద సమయానికి దాచుకుంటాడు.

ఈ సూత్రం నిజమైన నావలకూ వర్తిస్తుంది. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఐ.ఎన్.ఎస్. కురుసుర అనే జలాంతర్గామిని నేటికీ చూడవచ్చు. ఇది 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న సేవ నుండి విరమించింది. 2002లో దీనిని ప్రదర్శనశాలగా మార్చారు. దీని పొడవు సుమారు 91 మీటర్లు. నీటిపైన గంటకు 16 నాటికల్ మైళ్ళు పోగల శక్తి దీనికి ఉండేది. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. అయితే ఈ తరగతి నావలు ఒకసారి నింపుకొన్న ఇంధనంతో సుమారు 20,000 నాటికల్ మైళ్ళు పోగలవని చెప్పే లెక్క గంటకు 8 మైళ్ళ వేగానికే. అంటే పూర్తి వేగంలో సగానికే!

నీటి అడుగున పొదుపు మరింత అవసరం. డీజిల్ యంత్రం పనిచేయడానికి గాలి కావాలి. అందువలన పూర్తిగా మునిగినపుడు ఈ నావలు బాటరీల విద్యుత్తుతో నడుస్తాయి. అప్పుడు మెల్లగా పోయినా దాటగల దూరం సుమారు 380 నాటికల్ మైళ్ళే. వేగం పెంచితే అదీ బాగా తగ్గిపోతుంది. బాటరీలను మళ్ళీ నింపాలంటే నావ పైకి తేలాలి, లేదా స్నార్కెల్ అనే గాలిగొట్టాన్ని నీటిపైకి చాచాలి. ఆ గొట్టం శత్రువు కంటబడవచ్చు. యంత్రాల చప్పుడు శత్రువు చెవినబడవచ్చు. కనుక నీటి అడుగున వృథా చేసిన వేగం ప్రాణాలకే ముప్పు తెస్తుంది.

ఆటలో ఓడిన బాలుడు మళ్ళీ మొదటి నుండి ఆడవచ్చు. కురుసుర వంటి నావలో సుమారు 75 మంది ఉంటారు. వారికి ఆ అవకాశం లేదు. అందుకే మంచి కెప్టెన్ రేవు విడవక ముందే పోవలసిన దూరంతో పాటు తిరిగి రావలసిన దూరాన్నీ లెక్కవేసుకుంటాడు. చేరవలసిన చోటికి త్వరగా చేరడం గొప్పే. అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చడం అంతకంటె గొప్ప.