కట్టు కట్టించే ముందు ఎక్స్‌రే

బిడ్డ ఆటలో పడి మోకాలు వాస్తే మన ఇళ్లలో ముందుగా గుర్తుకొచ్చేది నూనె మర్దన, ఆ తరువాత నాటు కట్టు. గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో వానను నమ్మి వేరుశనగ వేసే కుటుంబానికి పట్నం ఆసుపత్రి అంటే ఒక రోజు కూలి పోవడం, పైగా బస్సు ఛార్జీలు. కనుక ఆ అలవాటును మనం తేలికగా తప్పుపట్టలేము. కానీ ఎన్నో మామూలు నొప్పుల మధ్య చాలా అరుదుగా ఎముక కణితి దాగి ఉంటుంది. దానిని చేతితో తడిమి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఎదిగే వయసు నొప్పులు సాధారణంగా రెండు కాళ్లలోనూ సాయంత్రం వచ్చి, తెల్లవారేసరికి తగ్గిపోతాయి. అలా కాక నొప్పి ఒకే చోట వారాల తరబడి నిలిచి, రాత్రి నిద్రలేపుతున్నా, వాపు పెరుగుతున్నా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా ఎక్స్‌రే తీయించాలి.

ఎక్స్‌రే ఏం చూపుతుంది?

ఆస్టియోసార్కోమా ఎక్కువగా 10-20 ఏళ్ల వయసులో, మోకాలి సమీపంలో వస్తుంది. ఎక్స్‌రేలో కొత్త ఎముక సూర్యకిరణాల్లా బయటికి చిమ్మినట్లు కనిపించవచ్చు. ఎముక పైపొర లేచి, అంచున త్రికోణంలా కనిపించడం మరో సూచన. 1921లో అమెరికా వైద్యుడు జేమ్స్ ఈవింగ్ వర్ణించిన ఈవింగ్ సార్కోమాలో ఎముకపై ఉల్లిపొరల వంటి వరుసలు కనిపించవచ్చు. ఇందులో కొందరికి జ్వరం కూడా వస్తుంది కనుక ఎముకలో చీము పట్టిందని పొరబడే ప్రమాదముంది. కండరాల్లో పుట్టే రాబ్డోమయోసార్కోమా తరచు నొప్పిలేని గడ్డగానే మొదలవుతుంది. ఎక్స్‌రే దానిని సరిగా పట్టలేదు. అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ కావాలి.

ముక్క తీయడానికి ముందు

ఈ గుర్తులు అనుమానాన్ని మాత్రమే చెబుతాయి. ప్రమాదం లేని కణితులూ ఉంటాయి. నిర్ధారణకు బయాప్సీ తప్పదు. అయితే దానికి ముందే ఎంఆర్‌ఐ జరగాలి. కణితి ఎముక లోపల ఎంతవరకు పాకిందో, నరాలకు, రక్తనాళాలకు ఎంత దగ్గరగా ఉందో అది చూపుతుంది. అందులో రేడియేషన్ ఉండదు. బయాప్సీ చేసే మార్గాన్ని తరువాత శస్త్రచికిత్స చేయబోయే వైద్య బృందమే నిర్ణయించాలి. తప్పు చోట కోస్తే కాలిని కాపాడుకోవడం కష్టమవుతుంది. ఈ వ్యాధులు ముందుగా ఊపిరితిత్తులకు పాకే అవకాశం ఉన్నందున ఛాతీకి సీటీ స్కాన్ కూడా తీస్తారు. సకాలంలో వస్తే కీమోథెరపీ, శస్త్రచికిత్సలతో చాలామంది పిల్లలకు కాలు తీసివేయవలసిన అవసరం రాదు.

ఎక్కడికి వెళ్లాలి?

తొలి ఎక్స్‌రేకు హిందూపురం లేదా అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవచ్చు. అనుమానం ఉందంటే క్యాన్సర్ ఆసుపత్రికే వెళ్లాలి. కేంద్రమంత్రిగా పనిచేసిన రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరిట బెంగళూరులో ఉన్న కిద్వాయ్ సంస్థ మన ప్రాంతానికి దగ్గరిది. 2007లో ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. నేడు మన రాష్ట్రంలో అది ఎన్టీఆర్ వైద్యసేవ. ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి. తీసిన ఫిల్ములు, నివేదికలన్నీ వెంట తీసుకెళ్లాలి.

దైవప్రవక్త (స) చికిత్స చేయించుకోమని బోధించారు. కాబట్టి బిడ్డ కోసం దుఆ చేసే చేతులే ఆ బిడ్డను వైద్యుని వద్దకు నడిపించాలి. మర్దనలో, కట్టులో గడిచిపోయిన వారాలు తిరిగి రావు.