తెర మీద వేషం... కాగితం మీద జీవితం!

మన సినిమాల్లో హిజ్రా పాత్ర అనగానే రచయితలకు గుర్తొచ్చేవి రెండే – చప్పట్లు, చవకబారు జోకు. కమెడియన్ భుజం మీద చెయ్యి పడటం, అతగాడు కెవ్వుమనడం, హాలంతా గొల్లుమనడం... పాత్ర సరి! 2011లో 'కాంచన'లో శరత్‌కుమార్‌ని చూసి జనం కళ్ళు తుడుచుకున్న మాట నిజమే. అయితే ఆ కథా రాసిందీ తీసిందీ లారెన్సే కదా!

మరి వాళ్ళ కథ వాళ్ళే రాస్తే?

తమిళనాడులో నామక్కల్ వైపు రైతు కుటుంబంలో మగపిల్లవాడిగా పెరిగిన ఎ.రేవతి ఆ పనే చేశారు. అన్నల చేతి దెబ్బలు, ఇంట్లోంచి ఢిల్లీకి పరారీ, పొట్టకూటి కోసం పడ్డ అగచాట్లు – ఏదీ దాచలేదు. 2010లో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకాన్ని పి.సత్యవతిగారు 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమతి దానికే! మరో తమిళ రచయిత్రి లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథేమో 2015లో కన్నడంలో 'నాను అవనల్ల... అవళు'గా తెరకెక్కింది. అందులో నటించిన సంచారి విజయ్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు దక్కింది. పాపం, 2021లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. మన నిర్మాతలు కూడా రేవతి పుస్తకం ఓసారి తిరగేస్తే బావుణ్ణు!

ఇదంతా అరవదేశపు గొడవ అనుకునేరు! జనగామ, మానుకోట, భూపాలపల్లి ఒకప్పుడు నిజాం ఇలాకా. అక్కడ 1919లో ఓ చట్టం వచ్చింది. హిజ్రాలు ఆడవేషంలో వీధిన పడి ఆడినా, పాడినా వారంటు లేకుండా అరెస్టే! నిజాం పోయాడు గానీ చట్టం పోలేదు. వైజయంతి వసంత మొగ్లి మొదలైనవాళ్ళు కోర్టుకెక్కితే, 2023 జూలైలో గానీ తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టెయ్యలేదు.

ఆ చట్టం బతికుండగానే, 2017లో, హైదరాబాదులో రచన ముద్రబోయిన, ఆమె మిత్రులు కలిసి 'ట్రాన్స్‌విజన్' అని యూట్యూబ్ ఛానెల్ పెట్టేశారు. కెమెరా ముందు వాళ్ళే, మాటలూ వాళ్ళవే! జనం అడగడానికి మొహమాటపడే సందేహాలకు తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో వాళ్ళే జవాబులు చెప్పారు.

సత్యవతిగారి తెలుగు ఎంత తేలికంటే, జనగామలో బండెక్కిన కుర్రాడు మానుకోటలో దిగేలోగా పుస్తకంలో మంచి భాగమే చదివెయ్యొచ్చు. భూపాలపల్లి వాళ్ళకు రైలు లేదు, బస్సే గతి. బస్సులో చదివితే కళ్ళు తిరుగుతాయి గనక, వాళ్ళు ఫోనులో ట్రాన్స్‌విజన్ పెట్టుకుని వినడం మేలు!