పడవ ట్రైలరుకు పెద్ద టైర్లు: అసలు లెక్క

ఆస్ట్రేలియా ఉత్తర కొసన వైపా ఉంది. కెయిర్న్స్ నుంచి దాదాపు 800 కిలోమీటర్లు. పండుగప్ప వేటకు పడవల్ని కారు వెనక తగిలించుకుని అక్కడికి వెళ్తారు. దారిలో మట్టిరోడ్డు తగిలే చోట్ల నేల ముడతల రేకులా ఉంటుంది. అందుకే ట్రైలరుకు ముందుగా పెద్ద టైర్లు వేయించాలనుకుంటారు.

లెక్క చూద్దాం. ట్రైలరుకు ఉన్న 185ఆర్14 టైరు ఎత్తు సుమారు 652 మి.మీ. పడవను లాగే హైలక్స్ కారుకు వచ్చే 265/65ఆర్17 ఎత్తు 776. తేడా 124. అయితే ఇరుసు లేచేది అందులో సగం, 62 మి.మీ. మాత్రమే. బ్రేకులు పాతవే ఉంచితే నేల మీద వాటి పట్టు 16 శాతం తగ్గుతుంది. రేవు వాలు 8కి 1 అనుకోండి. 62 మి.మీ. పైకెక్కిన పడవ తేలాలంటే కారును మరో అర మీటరు నీళ్లలోకి దించాలి. వైపా నదుల్లో మొసళ్లున్నాయి, ఆ అర మీటరు చిన్నది కాదు.

పెద్ద చక్రాలతో నిజమైన లాభం ఎత్తు కాదు, స్టెప్నీ. 139.7 మి.మీ. వలయంలో 6 బోల్టులుండే హైలక్స్ చక్రమే ట్రైలరుకూ సరిపోతే, ఒకే స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది.

ఇక బరువు. పడవ 450 కిలోలు, 60 హార్స్‌పవర్ మోటారు 115, ట్రైలరు 300, 90 లీటర్ల పెట్రోలు 67 అనుకుంటే మొత్తం 932. ఇంకా ఐసుపెట్టె ఎక్కనే లేదు. చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటితే అక్కడి చట్టం ప్రకారం ట్రైలరుకు బ్రేకులుండాలి. 2,000 దాటితే అన్ని చక్రాలకూ ఉండాలి. కమాన్ కట్టలు మందం చేయించినంత మాత్రాన ట్రైలరు ప్లేటు మీద రాసిన బరువు పరిమితి పెరగదు. పైగా ఆ ఇనుము బరువు మీ సామాను వాటాలోంచే పోతుంది.

నేనైతే డబ్బు ముందు చక్రాల హబ్బుల మీద, మోటారు కింద ఆనించే ఊత మీద పెట్టమంటాను. ఊత లేకపోతే గతుకుల్లో ఆ 115 కిలోలూ పడవ వెనక పలకను ఊపేస్తూనే ఉంటాయి. వేడి హబ్బును నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని, సీలు దాటించి ఉప్పునీటిని లాగుతుంది. గ్రీజు పాడై బేరింగు పోతుంది. రేవు చేరాక చెయ్యి పెట్టి చూసి, హబ్బు చల్లారాకే దించండి. గ్రీజు దట్టించి బేరింగులు బిగించిన హబ్బు ఒకటి అదనంగా పెట్టెలో ఉంచుకోండి. దారిలో పాతది ఊడదీసి దీన్ని ఎక్కించొచ్చు.