టర్బో మార్చే ముందు గొట్టం చూడండి!

"మామా, గువ్వలచెరువు కనుమ ఎక్కేటప్పుడు బండి అసలు లాగడంల్యా. పెద్ద టర్బో ఏపిస్తే సరిపోతాదంట. ఇరవై వేలల్లో అయితాదా?"

పోయిన ఎండాకాలం కడప నుంచి మా మేనల్లుడు చేసిన ఫోన్ ఇది. వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు. పసుపు బోర్డు. కడప నుంచి రాయచోటి, మదనపల్లె, తిరుపతి, ఎటు బాడుగ దొరికితే అటు. ఒక్క వారం బండి ఆగితే ఆ నెల కంతు ఆగినట్టే. వాడి చేతిలో ఉన్నది ఆ ఇరవై వేలే, అదీ సగం అప్పు.

కర్నూలు, కడప జిల్లాల్లో ఇలాంటి ఫోన్లు చాలా ఇళ్లకు వచ్చే ఉంటాయి. మారుతీ 2020 ఏప్రిల్ నాటికి డీజిల్ కార్లు మానేసింది. కానీ అంతకుముందు అమ్మినవి మన ఊళ్లలో బాడుగలకు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి వయసు పెరిగే కొద్దీ మొదట పేచీ పెట్టే వాటిల్లో టర్బో ఒకటి.

అసలు టర్బో చేసేదేంటి?

ఇంజిన్‌లో డీజిల్ మండాలంటే గాలి కావాలి. గాలి ఎంత ఎక్కువ దూరితే అంత డీజిల్ మండించొచ్చు, అంత బలం వస్తుంది. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతోనే ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రంతో గాలిని ఇంజిన్‌లోకి నెట్టించడమే టర్బో పని. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి, ఒక్కోసారి రెండు లక్షల దాకా తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని కాపాడేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ మురికి పట్టినా, సమయానికి అందకపోయినా టర్బో బతకదు.

మన ఎండ సంగతి కూడా ఉంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో ప్రాణవాయువు దాదాపు పదో వంతు తక్కువ. మే నెల మధ్యాహ్నం బండి కాస్త మొద్దుబారినట్టు అనిపిస్తే అది రోగమే కానక్కర్లేదు.

పెద్దది పెడితే లాగుతుందా?

మావాడికి ఎవరో చెప్పింది ఇదే. నిజం దీనికి దాదాపు తలకిందులు. పెద్ద టర్బో చక్రం బరువు. అది తిరగడానికి ఎక్కువ పొగ కావాలి, అంటే ఇంజిన్ ఎక్కువ స్పీడులో ఉండాలి. కనుమలో, అయిదుగురు జనం, డిక్కీ నిండా సామానుతో రెండో గేరులో ఎక్కేటప్పుడు మనకు కావలసింది తక్కువ స్పీడులో బలం. అక్కడ పెద్ద టర్బో ఇంకా ఆలస్యంగా మేలుకుంటుంది.

పైగా గాలి ఒక్కటే పెంచితే చాలదు. దానికి తగ్గట్టు డీజిల్ పెరగాలి. అది ఇంజెక్టర్లు, ఈసీయూ చేతిలో ఉంటుంది. ఈసీయూలో లెక్కలు మార్పిస్తే ఆ అదనపు బలం క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద పడుతుంది. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండికి అవి కూడా పాతవే కదా! ఇరవై వేలతో మొదలైన ముచ్చట ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

ముందు గొట్టాలు, తర్వాతే టర్బో

బండి లాగకపోతే నేరం టర్బో మీదికి నెట్టడం మనకు అలవాటు. కింది వాటిని వరసగా చూపించండి. చాలావాటికి ఖర్చు వందల్లోనే.

• ఎయిర్ ఫిల్టర్: ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీల దారుల్లో, బేతంచెర్ల నాపరాయి గనుల వైపు తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు చాలదు. ఇంకా ముందే మార్చాలి.
• టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి పోయే రబ్బరు గొట్టం: చిన్న పగులున్నా గాలి బయటికి పోతుంది. ఆక్సిలేటర్ తొక్కితే బుస్సుమని శబ్దం, వెనకాల నల్లపొగ వస్తాయి.
• సన్నటి వాక్యూమ్ పైపులు: మన ఎండకు బిరుసెక్కి చీలుతాయి.
• డీజిల్ ఫిల్టర్, మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్, అరిగిన క్లచ్.

పొగ రంగు కూడా చెబుతుంది. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు. నీలంపొగ అంటే ఆయిల్ మండుతోంది. గాలి గొట్టం ఊడదీసి టర్బో ఇరుసును వేలితో కదిలించి చూస్తారు. పక్కలకు కొంచెం ఆట ఉండటం మామూలే, ఆయిల్ పొర కోసం వదిలిన జాగా అది. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేలా కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనపడినా టర్బో పని అయిపోయినట్టే. గొట్టంలో తడి ఆయిల్ కాస్త కనపడితే మాత్రం కంగారొద్దు.

పోయిందని తేలితే...

దారులు నాలుగు.

మొదటిది, కంపెనీ కొత్త టర్బో. అన్నిటికన్నా నమ్మకం, అన్నిటికన్నా ఖరీదు. బండిని ఇంకా నాలుగైదేళ్లు నడపాలనుకుంటే ఇదే మేలు.

రెండోది, మధ్యలో ఉండే 'కోర్' మాత్రం మార్చడం. ఇరుసు, బేరింగులు, చక్రాలు కలిసి ఒకే ముక్కగా వస్తాయి. బయటి డొక్కులు బాగుంటే వాటినే వాడుకోవచ్చు. తక్కువ డబ్బున్నవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే దారి ఇది.

మూడోది, పాతదాన్ని విప్పి రిపేరు చేయించడం. ఇక్కడ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "మెషిన్ మీద బ్యాలెన్సింగ్ చేస్తారా, కాగితం ఇస్తారా?" లక్ష చుట్లు తిరిగేదాన్ని చేత్తో తిప్పి "బాగుందన్నా" అంటే కుదరదు. కాగితం ఇవ్వనివాళ్లకు దండం పెట్టి వచ్చేయండి.

నాలుగోది, గుజిరీలో దొరికేది. చవకే. కానీ అది ఏ ఆయిల్ తాగి బతికిందో ఎవరికీ తెలియదు. ఇరుసు కదిలించి చూడకుండా, వాపసు మాట తీసుకోకుండా కొనొద్దు.

ఏది తీసుకున్నా పాత టర్బో మీద ఉన్న ప్లేట్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుని పోండి. ఒకే పేరున్న కారులో కూడా ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి టర్బో మారుతుంది.

మొత్తం డబ్బు టర్బోకే పెట్టొద్దు

చేతిలో ఇరవై వేలుంటే అయిదు వేలు పక్కన పెట్టండి. కొత్త ఆయిల్, రెండు ఫిల్టర్లు, గాస్కెట్లు, అన్నిటికన్నా ముఖ్యంగా టర్బోకు ఆయిల్ పోసే సన్న పైపు దాంతోనే రావాలి. ఆ పైపులో మసి పేరుకుని ఉంటే కొత్త టర్బో కూడా పాతదాని దారే పడుతుంది. పాతది ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది బిగించొద్దు.

బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆయిల్ అందేదాకా ఆక్సిలేటర్ తొక్కకుండా వదిలేయండి. కనుమ ఎక్కి ఆపాల్సి వస్తే ఒక నిమిషం ఇంజిన్ ఊరికే తిరగనిచ్చి తర్వాత తాళం తిప్పండి. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినా ఆ నిమిషం ముందు ఇవ్వండి.

ఒక హెచ్చరిక. నీలంపొగ వస్తున్నా "ఈ ఒక్క బాడుగ" అనుకుంటూ తిప్పొద్దు. సీలు పూర్తిగా పోతే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి, తాళం తీసినా ఆగకుండా అరుస్తుంది. అప్పుడు బండి నిలబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగే వీలుంది. ఆగకపోతే అందరూ దిగి దూరం పోవాలి.

చట్టం ఏమంటుంది?

అదే రకం టర్బో మార్చుకుంటే రిపేరు కిందే లెక్క. కంపెనీ లెక్కకు భిన్నంగా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చెప్పకుండా చేసిన మార్పును చూపి ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టొచ్చు. బాడుగ బండికి ఇది చిన్న విషయం కాదు, లోపల కూర్చునేది పరాయి జనం.

ఇంకో మాట. కనుమ ఎక్కిన బండి దిగాలి కూడా. బలం పెంచే డబ్బుంటే ముందు బ్రేకులూ టైర్లూ చూసుకోవాలి.

మావాడి సంగతి చెప్పనేలేదు కదూ! మేస్త్రీ విప్పి చూస్తే గాలి గొట్టం కింది వైపు పగిలి ఉంది. ఇరుసు కూడా ముందుకీ వెనక్కీ ఆడుతోంది. కోర్ మార్చారు, ఆయిల్ పైపు కొత్తది వేశారు, గొట్టం మార్చారు. అంతా కలిపి ఇరవై వేలు దాటలేదు గానీ పెద్దగా మిగిలిందీ లేదు. నాలుగు రోజులు బాడుగ పోయింది.

తర్వాతి వారం రాయచోటి నుంచి ఫోన్ చేశాడు. "కనుమ ఎక్కేసినా మామా. మూడో గేర్లోనే!"

"దిగేటప్పుడు?" అన్నాను.

"రెండో గేర్లోనే దిగుతాలే మామా" అన్నాడు.