తన పేరు తానే మరిస్తే...

సముద్రం మధ్య దీవుల్లో నెట్ మూగబోయినప్పుడు పక్కనే ఉన్న కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది? చిక్కుముడి రెండు లైన్ల ఫైలులో ఉంది

అండమాన్‌లో పేర్లు మారడం కొత్త కాదు. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ షహీద్ ద్వీప్‌గా మారుతున్నట్టు ప్రకటన వెలువడింది. రాస్ ఐలాండ్‌కు నేతాజీ పేరు వచ్చింది. 2024 సెప్టెంబరులో రాజధాని పోర్ట్ బ్లెయిర్ వంతు వచ్చి, శ్రీ విజయపురం అయింది. విమానాశ్రయం కోడ్ మాత్రం ఇప్పటికీ పాత ఐఎక్స్‌జడ్డే. విశాఖ నుంచి ఓడెక్కే ఉత్తరాంధ్ర వలస కుటుంబాలకు దీనితో పేచీ లేదు. పాత పేరు చెప్పినా, కొత్త పేరు చెప్పినా టికెట్ దొరుకుతుంది, ఊరు దొరుకుతుంది.

కంప్యూటర్‌కు ఆ సర్దుబాటు చేతకాదు. ముఖ్యంగా లినక్స్, బీఎస్‌డీ లాంటి యూనిక్స్ కుటుంబం యంత్రాలకు. వాటి పేరును ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే అవి తమను తామే గుర్తుపట్టలేవు.

ప్రతి యూనిక్స్ యంత్రానికీ ఒక పేరుంటుంది. అదే హోస్ట్‌నేమ్. చాలా లినక్స్ రకాల్లో అది ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్‌నేమ్ అనే ఫైలులో ఉంటుంది. దాని పక్కనే హోస్ట్స్ అనే మరో ఫైలు. ఏ పేరుకు ఏ ఐపీ అడ్రసో చెప్పే చిట్టా అది. అందులో మొదటి లైను దాదాపు ఎప్పుడూ ఒకటే: 127.0.0.1, దాని ఎదుట లోకల్‌హోస్ట్. అంటే 'నేనే' అని అర్థం. ఆ అడ్రసుకు పంపిన సమాచారం వైరు ఎక్కదు, యంత్రం లోపలే తిరిగి దాని దగ్గరికే చేరుతుంది. 127తో మొదలయ్యే అడ్రసులు కోటీ 67 లక్షల పైచిలుకు. అవన్నీ ఈ ఒక్క పనికే కేటాయించారు. పొదుపు తెలియని రోజుల నిర్ణయం. కొత్త ఐపీవీ6లో ఇదే పనికి ఒకే ఒక్క అడ్రసు ఇచ్చి సరిపెట్టారు.

చిక్కు ఎక్కడంటే, పేరు మార్చే ఆదేశం మొదటి ఫైలును మారుస్తుంది గానీ, చాలా సందర్భాల్లో రెండోదాన్ని ముట్టుకోదు. అప్పుడు సుడో లాంటి ప్రోగ్రాం 'ఈ యంత్రం అడ్రసేమిటి?' అని వెతుకుతుంది. హోస్ట్స్ ఫైలులో కొత్త పేరు కనిపించదు. వెంటనే ప్రశ్న బయటికి, పేర్ల పద్దు చూసే డీఎన్ఎస్ సర్వర్‌కు వెళుతుంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టన్నమాట.

హైదరాబాద్‌లోనో చెన్నైలోనో అయితే ఈ వెతుకులాట రెప్పపాటులో ముగుస్తుంది. 'అలాంటి పేరు లేదు' అని జవాబొస్తుంది, తెర మీద ఒక హెచ్చరిక కనిపిస్తుంది, పని సాగిపోతుంది. తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. దీవుల్లో అలా కాదు. సముద్రగర్భ కేబుల్ రాకముందు అండమాన్ నుంచి ప్రధాన భూభాగానికి నెట్ అంటే ఉపగ్రహమే. అది భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్లి కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిలో రావడానికి సుమారు అర సెకను. అది లింకు బాగున్న రోజు సంగతి.

లింకు తెగిన రోజు ఇంకో వింత. కంప్యూటర్‌కున్న నెట్‌వర్క్ వైరు పూర్తిగా ఊడిపోతే సాధారణంగా నష్టం లేదు, దారి లేదని తెలిసి అది వెంటనే ఊరుకుంటుంది. ఆఫీసులోని నెట్‌వర్క్ బాగుండి, దాని అవతల డిష్ మూగబోతేనే అసలు బాధ. ప్రశ్న వెళుతుంది, జవాబు రాదు, యంత్రం ఎదురుచూస్తుంది. లినక్స్‌లో మామూలు లెక్క ప్రకారం ఒక్కో సర్వర్ కోసం 5 సెకన్లు ఆగి, రెండు విడతలు ప్రయత్నిస్తుంది. రెండు సర్వర్లు రాసి ఉంటే మొత్తం 20 సెకన్లు. ఒక్కో ఆదేశానికీ అంతసేపు! తెగిన లింకును సరిచేయడానికి కూర్చున్న ఉద్యోగికే ఈ యాతన తప్పదు.

2018లో పేర్ల ప్రకటన వెలువడిన రోజునే పోర్ట్ బ్లెయిర్‌లో కేబుల్‌కు కూడా శంకుస్థాపన జరిగింది. చెన్నై నుంచి బయల్దేరి స్వరాజ్ ద్వీప్, రంగత్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ తదితర దీవులను కలిపే ఈ సుమారు 2,300 కిలోమీటర్ల మార్గాన్ని 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. ఖర్చు సుమారు రూ. 1,224 కోట్లు. వేగం ఎన్నో రెట్లు పెరిగింది. అయితే సముద్రం అడుగున ఎంత లావు తీగ వేసినా, తన పేరు తనకు తెలియని యంత్రానికి ఆ తీగ నేర్పేదేమీ లేదు.

మందు చాలా చిన్నది. హోస్ట్స్ ఫైలులో లోకల్‌హోస్ట్ లైనును కదపకుండా, కింద మరో లైను చేర్చాలి. డెబియన్ కుటుంబంలో దీనికి 127.0.1.1 వాడే ఆనవాయితీ ఉంది. సీ-డ్యాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. ముందు అడ్రసు, తర్వాత పూర్తి పేరు, ఆ తర్వాత పొట్టి పేరు. ఈ వరస తప్పితే పూర్తి పేరు అడిగినప్పుడు యంత్రం పొట్టి పేరే చెబుతుంది. తెలుగువారికి ఇక్కడ కాస్త తికమక. మన ఇంటిపేరు ముందుంటుంది, యంత్రం ఇంటిపేరు చివర్న ఉంటుంది.

ఇతర యంత్రాలకు సేవలందించే సర్వర్ అయితే మరో జాగ్రత్త. దాని పేరుకు ఎదురుగా 127 అడ్రసు రాస్తే, కొన్ని ప్రోగ్రాములు తలుపు లోపలివైపే తెరుచుకుని కూర్చుంటాయి. పక్క బల్ల మీది కంప్యూటర్‌కూ అందవు. అక్కడ స్థిరమైన అసలు ఐపీ అడ్రసే రాయాలి. కొత్త లినక్స్‌లలో సిస్టమ్‌డీతో వచ్చే ఒక చిన్న భాగం యంత్రం పేరును ఫైలు అవసరం లేకుండానే గుర్తుపడుతుంది. పాత యంత్రాలకు ఆ భాగ్యం లేదు.

పేరే పెట్టకుండా వదిలేయడం ఇంకో అలవాటు. రెడ్ హ్యాట్ కుటుంబం యంత్రాలు చాలాకాలం లోకల్‌హోస్ట్ డాట్ లోకల్‌డొమైన్ అనే పేరుతోనే పుట్టేవి. ఆఫీసులో ఒకే యంత్రం ఉంటే ఫర్వాలేదు. పది దీవుల లాగ్‌లు రాజధానిలో ఒకేచోట పోగుపడినప్పుడు, డిస్కు నిండిపోయిందని మొత్తుకుంటున్న లోకల్‌హోస్ట్ రంగత్‌దా, కార్ నికోబార్‌దా? తేల్చుకోకుండా మనిషిని పంపితే తిప్పలే. గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే రాజధానికి 500 కిలోమీటర్లకు పైగా దూరం.

పేరు ఎంచుకోవడానికీ నిబంధనలున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్ వరకే అనుమతి. ఖాళీ కుదరదు, అండర్‌స్కోరూ కుదరదు. కాబట్టి శ్రీ విజయపురం అని పెట్టాలన్నా మధ్యలో హైఫన్ పడాల్సిందే. డాన్ లిబ్స్ అనే కంప్యూటర్ నిపుణుడు 1990లో ఈ విషయం మీదే ఒక పత్రం రాశారు. సొంత పేర్లూ, ఆ యంత్రంతో చేసే ప్రాజెక్టు పేర్లూ పెట్టొద్దన్నది అందులోని సలహాల్లో ఒకటి. ప్రాజెక్టు ముగుస్తుంది, యంత్రం మిగులుతుంది. ఊరి పేరుకూ ఆ ముప్పుందని అండమాన్ చూపించింది.

ఓడెక్కించే ముందు యంత్రాన్ని పరీక్షించడానికి అయిదు నిమిషాలు చాలు. నెట్‌వర్క్ వైరు అలాగే ఉంచి, డీఎన్ఎస్ సర్వర్ల స్థానంలో జవాబివ్వని అడ్రసు ఒకటి రాయాలి. తర్వాత సుడోతో ఏదో ఒక ఆదేశం ఇవ్వాలి. జవాబు వెంటనే వస్తే ఆ యంత్రాన్ని కాంప్‌బెల్ బే పంపొచ్చు.